షట్టర్ దించి గెలిచిన 52 సీట్లు: ఫ్రాన్స్ చిరు వర్తకుడు పియెర్ పూజాద్ రాజకీయం

క్లుప్తంగా

నైరుతి ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊళ్లో పుస్తకాలు, కాగితాలు అమ్ముకునే పియెర్ పూజాద్ 1953 జులైలో పన్ను అధికారుల తనిఖీని అడ్డుకున్నారు. రెండున్నరేళ్లలో ఆయన ఉద్యమం జాతీయ అసెంబ్లీలో 52 సీట్లు గెలిచింది. మరో మూడేళ్లు నిండకముందే అది దాదాపు కనుమరుగైంది. ఈ ఎదుగుదలకూ పతనానికీ ఆయన వాగ్ధాటిని మాత్రమే కారణంగా చూపడం పరిపాటి. అయితే ద్రవ్యోల్బణం ఆగిపోవడం, మదింపు పద్ధతి, తనిఖీ జరిగే తీరు కలిసి ఆ కోపాన్ని తయారుచేశాయి. కొట్టుకొట్టుకూ పాకిన సంఘ నిర్మాణం దాన్ని వీధిలో గెలిపించింది, చట్టసభలో మాత్రం దానికి ఆ బలం లేకపోయింది.

సాన్ సెరేలో 1953 జులై

సాన్ సెరే లోత్ జిల్లాలో సుమారు మూడు వేల జనాభా ఉన్న ఊరు. 1851లో దాదాపు మూడు లక్షలుగా ఉన్న ఆ జిల్లా జనాభా 1954 నాటికి సగానికి పడిపోయింది. పొలాలు వదిలి పారిస్‌కూ ఉత్తరాది కర్మాగారాలకూ పోయినవారు పోగా, మిగిలినవారి మీద ఆధారపడి బతికే చిల్లర కొట్లు మాత్రం ఊళ్లో అలాగే ఉండిపోయాయి. పూజాద్ 1920 డిసెంబర్ 1న ఆ ఊళ్లోనే పుట్టారు. తండ్రి భవన శిల్పి, చిన్నతనంలోనే చనిపోవడంతో పూజాద్ చదువు మధ్యలో ఆగింది. యుద్ధానికి ముందు కొంతకాలం తీవ్ర మితవాద యువజన బృందంలో తిరిగిన ఆయన, జర్మన్ ఆక్రమణ కాలంలో స్పెయిన్ మీదుగా దేశం దాటి స్వేచ్ఛా ఫ్రెంచ్ దళాల వైపు చేరారు. యుద్ధం ముగిశాక సొంత ఊరికి తిరిగివచ్చి కాగితాలు, పుస్తకాల కొట్టు పెట్టారు. వ్యాన్‌లో పుస్తకాలు వేసుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్మేవారు. అలా ఏ ఊళ్లో ఎవరి కొట్టు ఎక్కడుందో, ఎవరికి ఏ ఇబ్బంది ఉందో తెలిసింది, ఆ పరిచయాలే తర్వాత ఉద్యమానికి దారి వేశాయి.

1953లో ఆయన పురపాలక సభ్యుడయ్యారు. ఆ జులైలో, పన్ను అధికారులు మరునాడు ఊరి కొట్లలో లెక్కలు తనిఖీ చేయడానికి వస్తున్నారన్న కబురును కమ్మరి పని చేసుకునే ఒక కమ్యూనిస్టు కౌన్సిలర్ పూజాద్ చెవిన వేశారు. రాత్రికి రాత్రే వర్తకులు కూడబలుక్కున్నారు. తెల్లవారి అధికారులు వచ్చేసరికి షట్టర్లు దించి ఉన్నాయి, వీధిలో జనం నిండి ఉన్నారు, చేసేది లేక అధికారులు వెనుదిరిగారు. తర్వాతి కాలంలో తీవ్ర మితవాదానికి మారుపేరుగా నిలిచిన ఈ ఉద్యమపు తొలి అడుగులో కమ్యూనిస్టుల చెయ్యి ఉండటం గమనించదగినది. 1955 దాకా ఆ పార్టీ వర్తకుల ఆందోళనను పెద్దగా వ్యతిరేకించలేదు కూడా.

ధరలు నిలిచాక మొదలైన కష్టం

ధరలు అదుపులోకి వచ్చిన తరుణంలో వర్తకులు ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్నకు జవాబు చిల్లర వ్యాపారం లెక్కల్లోనే ఉంది. యుద్ధకాలంలోనూ ఆ తర్వాత కొన్నేళ్లూ ఫ్రాన్స్‌లో సరుకుల కరువు ఉండేది, ధరలు ఏటా పెరుగుతూ పోయేవి. సరుకు చేతిలో ఉన్నవాడిదే రాజ్యం కావడంతో కొత్తగా ఎందరో చిల్లర వ్యాపారంలోకి దిగారు. ద్రవ్యోల్బణం ఆ కొట్లకు మూడు వైపుల నుంచి ఊతమిచ్చింది. వంద ఫ్రాంకులకు కొన్న సరుకు అమ్ముడయ్యేనాటికి నూట ఇరవై పలికితే, బేరంలో పెద్ద నేర్పు లేకపోయినా లాభం మిగిలేది. టోకు వర్తకుడికి అరువు తీర్చే నాటికి డబ్బు విలువ తగ్గి ఉండేది. నిరుటి ఆదాయం మీద పన్ను ఈ ఏడు కట్టాలి కనుక, ప్రభుత్వానికి చేరేది కూడా విలువ తగ్గిన డబ్బే. కాగితం మీద పన్ను రేటు ఎంత ఉన్నా వర్తకుడి మీద పడే అసలు భారం ఆ మేరకు కరిగిపోయేది.

1952లో ఆంత్వాన్ పినే ప్రధానిగా ఉన్నప్పుడు ధరల పెరుగుదలకు కళ్లెం పడింది. సామాన్య కొనుగోలుదారుకు అది ఊరట అయితే చిరు వర్తకుడికి మూడు ఊతాలూ ఒకేసారి పోయాయి. నిల్వ సరుకు మీద లాభం ఆగింది, అరువు బరువెక్కింది, నిరుటి పన్ను పూర్తి విలువతో చెల్లించాల్సి వచ్చింది. కరువు తీరడంతో కొనేవారికి ఎంచుకునే వీలు పెరిగింది, అవసరానికి మించి పుట్టుకొచ్చిన కొట్ల మధ్య పోటీ ముదిరింది. ఉత్తరాదిలో, నగరాల్లో కూలీలు, జీతాలు, జనాభా పెరుగుతున్నందున ఈ దెబ్బ అంతగా తగల్లేదు. లోత్ వంటి తరిగిపోతున్న జిల్లాల్లో కొట్లను ఆదుకునే కొత్త గిరాకీ ఏదీ లేదు. ఉద్యమం దక్షిణాదిలో మొదలై అక్కడే బలంగా నిలవడానికి ఇది ప్రధాన కారణం.

1954లో ఫ్రాన్స్ ప్రపంచంలోనే మొదటిసారిగా విలువ ఆధారిత పన్నును ప్రవేశపెట్టింది. ఏప్రిల్ 10 నాటి చట్టంతో వచ్చిన ఆ పన్నుకు రూపకర్త మోరిస్ లోరే అనే పన్ను అధికారి. పూజాద్ ఉద్యమం దాని మీద తిరుగుబాటే అన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ కాలక్రమం దానికి ఒప్పదు. ఉద్యమం అంతకు ముందే మొదలైంది, పైగా ఆ పన్ను చిల్లర వ్యాపారం దాకా వచ్చింది 1968 జనవరి 1 నుంచే. ఆధునిక చిల్లర వ్యాపారం నుంచి ఎదురయ్యే పోటీ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎదువార్ లెక్లెర్ 1949లో బ్రెతాన్య ప్రాంతంలోని లాందెర్నోలో దాదాపు టోకు ధరలకే అమ్మే కొట్టు తెరిచిన మాట నిజమే. కానీ 1953లో సాన్ సెరే వర్తకుడికి అది దూరపు ఊసు. ఆనాటి కష్టం తన వంటి మరో చిరు వర్తకుడి పోటీ నుంచి, గిరాకీ లేమి నుంచి వచ్చింది.

ఆవర్జా తెరిచేది ఎవరు

చిరు వర్తకుల్లో ఎక్కువ మంది ఏకమొత్తపు పద్ధతిలో పన్ను కట్టేవారు. అంటే ప్రతి అమ్మకానికీ లెక్క చూపనవసరం లేకుండా, స్థానిక పన్ను కార్యాలయంతో మాట్లాడుకుని ఏడాదికి ఇంత ఆదాయమని ఖాయం చేసుకునేవారు. ఇది ఇరుపక్షాలకూ సులువు. చిట్టా, ఆవర్జాలు పక్కాగా రాసే అలవాటు లేని భార్యాభర్తల కొట్టుకు ఖర్చు తగ్గేది, ప్రభుత్వానికి సిబ్బంది అవసరం తగ్గేది. దీని మరో ముఖం మాత్రం ప్రభుత్వానికి ఇబ్బందికరంగా ఉండేది. కార్మికుడి జీతాన్ని యజమానే పన్ను శాఖకు తెలియజేయడంతో అతడు దాచేదేమీ ఉండదు. వర్తకుడు చెప్పిన ఆదాయాన్ని సరిచూసే మూడో మనిషి లేడు. ఎగవేత ఉండేదన్నది కాదనలేని విషయం, జీతగాళ్లలో వర్తకుల పట్ల అసహనానికీ అదే మూలం.

అందుకే అన్ని రకాల పన్నులనూ ఒకే రాకతో తనిఖీ చేయగల ప్రత్యేక అధికారులను ప్రభుత్వం రంగంలోకి దించింది. వీరు స్థానికులు కారు. మామూలు పన్ను ఉద్యోగితో ఏటా కుదిరే సర్దుబాటు వీరి దగ్గర చెల్లదు. పాత ఏళ్ల లెక్కలు తవ్వి, తేడాను జరిమానాతో సహా ఒక్కసారే అడిగే అధికారం వీరికి ఉంది. కూడబెట్టిన లాభాలు అప్పటికే కరిగిపోయిన కొట్టుకు ఆ ఒక్క నోటీసు మూతపడటానికి చాలు. కోపం పన్ను రేటు మీద కన్నా ఈ తనిఖీ మీద ఎక్కువగా కేంద్రీకృతం కావడంలో తర్కం ఉంది. రేటు తగ్గించమని అడగడానికి పార్లమెంటు దాకా పోవాలి. తనిఖీని ఆపడానికి వీధిలో నలభై మంది చాలు.

షట్టర్ల సంఘం

1953 నవంబర్ 29న జిల్లా కేంద్రమైన కావోర్‌లో వర్తకుల, చేతివృత్తులవారి రక్షణ సంఘం ఏర్పడింది. దాని పనితీరు సాదాసీదాగా ఉండేది. అధికారి రాకను ముందుగా కనిపెట్టి కబురు పంపడం, అన్ని కొట్లూ ఒకేసారి మూయడం, తనిఖీ జరగాల్సిన కొట్టును జనంతో నింపేయడం మొదటి మెట్టు. బకాయి కింద ఎవరి సరుకైనా జప్తు చేసి వేలం వేస్తే, బయటివారిని పాడనివ్వకుండా చేసి, సంఘ సభ్యులే నామమాత్రపు ధరకు పాడుకుని యజమానికి తిరిగి ఇచ్చేయడం రెండోది. దీనికి సిద్ధాంత పాఠాలు అక్కరలేదు, పెద్ద నిధులూ అక్కరలేదు. రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీధి ఉంటే చాలు. కలిసిరాని వర్తకుడు మరునాటి నుంచి ఇరుగుపొరుగుకు ముఖం చూపలేడు కనుక ఆ ఐకమత్యంలో ఇష్టంతో పాటు భయం పాలూ ఉండేది.

1954 ఆగస్టులో ప్రభుత్వం తనిఖీలను మూకుమ్మడిగా అడ్డుకునేవారికి జైలు శిక్ష విధించే సవరణ తెచ్చింది. ప్రతిపాదించిన సభ్యుడి పేరుతో దోరే సవరణ అని పిలిచే ఈ నిబంధన ఉద్యమాన్ని అణచకపోగా దేశమంతటికీ పరిచయం చేసింది. అప్పటిదాకా జిల్లాలకు పరిమితమైన ఫిర్యాదుకు ఒక జాతీయ లక్ష్యం దొరికింది. 1955 జనవరి 24న పారిస్‌లోని పోర్త్ ద వెర్సాయ్ సభకు లక్ష మందికి పైగా వచ్చారని అంచనా. ఆ మార్చిలో పన్నుల మీద అసెంబ్లీ చర్చిస్తుండగా పూజాద్ సందర్శకుల వరుసలో కూర్చుని సభ్యుల మీద ఒత్తిడి తెచ్చారు. చట్టసభల మీద ఆయన చూపు ఎలాంటిదో ఆ ఘట్టంలో తెలుస్తుంది. ఆయన దృష్టిలో అది తాము బయటి నుంచి లొంగదీయవలసిన కార్యాలయం. 1789 విప్లవానికి ముందటి మాదిరిగా ఊరూరా ఫిర్యాదుల చిట్టాలు రాసి, వర్గాల ప్రతినిధుల మహాసభను పిలవాలన్నది ఆయన ప్రధాన డిమాండు.

ఇదే కాలంలో ఉద్యమం దారి మారింది. 1954 జూన్ నుంచి 1955 ఫిబ్రవరి దాకా ప్రధానిగా ఉన్న పియెర్ మెండెస్ ఫ్రాన్స్ మద్యపానాన్ని తగ్గించాలని పూనుకుని, పండ్ల నుంచి ఇంటి దగ్గరే సారా తీసుకునే పాత హక్కులను కుదించబోయారు. కాఫీ కొట్లవారు, పల్లెల సారా తయారీదారులు పూజాద్ వైపు చేరారు. మెండెస్ ఫ్రాన్స్ యూదు కుటుంబంలో పుట్టినవారు కావడంతో పూజాద్ ప్రసంగాల్లో పన్ను విమర్శ స్థానంలో వంశాన్ని ఎత్తిపొడిచే యూదు ద్వేషం చోటు చేసుకుంది. నిపుణులు, పట్టభద్రులు, పారిస్ బాబులు అందరూ ఒకే శత్రువుగా మారిపోయారు. న్యాయమైన ఫిర్యాదుకు ద్వేషాన్ని జోడించక తప్పని అవసరమేదీ ఆ పరిస్థితుల్లో లేదు. అది నాయకుడు ఎంచుకున్న దారి, ఆ బాధ్యతా ఆయనదే.

52 సీట్లు, ఆ తర్వాత

ఎద్గార్ ఫోర్ ప్రభుత్వం 1955 డిసెంబర్‌లో అసెంబ్లీని రద్దు చేయడంతో ఎన్నికలు అనుకున్న కన్నా ముందే, 1956 జనవరి 2న జరిగాయి. ఉన్న సభ్యులందరినీ సాగనంపండి అన్న నినాదంతో పూజాద్ జాబితాలు దేశమంతటా నిలిచాయి. దాదాపు 25 లక్షల ఓట్లు, అంటే 11.6 శాతం, 52 సీట్లు వచ్చాయి. జాబితాల మధ్య పొత్తు నిబంధనలను అతిక్రమించారన్న కారణంతో వాటిలో 11 సీట్లను సభ రద్దు చేసింది. ఓట్ల నిష్పత్తిలో సీట్లు పంచే దామాషా పద్ధతి లేకపోతే, జిల్లాలన్నిటా పలచగా పరుచుకున్న ఈ ఓటుకు ఇన్ని సీట్లు రావడం అసాధ్యం.

గెలిచినవారిలో కిరాణా వర్తకులు, మాంసం కొట్లవారు, రొట్టెలు కాల్చేవారు ఉన్నారు. పూజాద్ మాత్రం పోటీ చేయలేదు. సభ్యులు బయట ఉన్న నాయకుడి ఆదేశం ప్రకారం ఓటు వేయాలన్నది ఏర్పాటు. ఇక్కడే నిర్మాణ లోపం బయటపడింది. తనిఖీని ఆపడం అనే ఏకైక పనికి అతికినట్టు సరిపోయిన సంఘానికి బడ్జెట్ మీద, అల్జీరియా యుద్ధం మీద, విదేశాంగ విధానం మీద చెప్పడానికి సొంత మాట లేదు. పన్ను తగ్గించాలనే సభ్యులే యుద్ధం కొనసాగాలని కోరారు. ఆ ఖర్చు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు వారి దగ్గర జవాబు దొరకదు. 1956 చివర ఫ్రాన్స్, బ్రిటన్ ఈజిప్టు మీద చేసిన సూయెజ్ దాడిని పూజాద్ వ్యతిరేకించగా, 27 ఏళ్ల వయసులో ఆయన జాబితా మీదే పారిస్ నుంచి గెలిచిన జాన్ మారీ లె పెన్ సైన్యంలో చేరి ఆ యుద్ధానికే వెళ్లారు. ఇద్దరి దారులూ త్వరలోనే వేరయ్యాయి. 1957 జనవరిలో పారిస్ ఉప ఎన్నికలో పూజాద్ స్వయంగా నిలబడి ఘోరంగా ఓడిపోయారు.

ఆలోగా ధరలు మళ్లీ పెరగసాగాయి, తనిఖీలు కొంత మెత్తబడ్డాయి, అంటే కోపానికి మూలమైన ఆర్థిక కారణాలు సడలాయి. 1958లో ద గోల్ అధికారంలోకి వచ్చి, దామాషా స్థానంలో నియోజకవర్గానికి ఒక్కరే గెలిచే రెండు విడతల ఓటింగ్ తెచ్చాక, ఆ నవంబర్ ఎన్నికలో ఉద్యమం తుడిచిపెట్టుకుపోయింది. లె పెన్ మరో పార్టీ తరఫున సీటు నిలుపుకున్నారు, 1972లో తీవ్ర మితవాద పార్టీ నేషనల్ ఫ్రంట్ స్థాపనలో ముఖ్యుడయ్యారు. పూజాద్ 1981 అధ్యక్ష ఎన్నికలో సోషలిస్టు అభ్యర్థి మితెరాన్‌ను సమర్థించారు, చివరి దశాబ్దాల్లో మొక్కల నుంచి ఇంధనం తీసే ప్రయత్నాల మీద ఆసక్తి చూపారు, 2003 ఆగస్టు 27న మరణించారు.

గ్రాంథమ్ కిరాణా కొట్టు

చిన్న ఊరి వర్తకుడు రాజకీయాల్లోకి రావడానికి ఇదొక్కటే దారి కాదు. ఇంగ్లండ్‌లోని గ్రాంథమ్‌లో 1919లో కిరాణా కొట్టు పెట్టిన ఆల్ఫ్రెడ్ రాబర్ట్స్ 1927లో పురసభకు ఎన్నికయ్యారు. చాలా ఏళ్లు ఆర్థిక సంఘాన్ని నడిపారు, 1945–46లో మేయరుగా ఉన్నారు. ఆయన కుటుంబం కొట్టు పైనే నివసించేది, కొట్లోనే తపాలా కార్యాలయమూ ఉండేది. మెథడిస్టు చర్చిలో ఆదివారాలు ప్రసంగించేవారు. పూజాద్ పన్ను వసూలును బయట నిలబడి అడ్డుకుంటే, రాబర్ట్స్ ఊరి పన్ను ఎంత ఉండాలో లోపల కూర్చుని నిర్ణయించారు. ఖర్చు తగ్గించాలన్న వర్తకుడి స్వభావం ఇద్దరిదీ అయినా, రాబర్ట్స్ దాన్ని పైసా పైసాకూ జమాఖర్చు చెప్పాల్సిన కుర్చీలో కూర్చుని అమలు చేయాల్సి వచ్చింది. 1950లో పురసభలో లేబర్ పార్టీకి ఆధిక్యం రావడంతో, 1952లో ఆయన ఆల్డర్‌మన్ (పురసభ సీనియర్ సభ్యుడు) పదవి పోయింది. ఆయన కూతురు మార్గరెట్ థాచర్ 1979లో ప్రధాని అయ్యారు.

ఈ తేడాకు వ్యక్తుల స్వభావమే కారణమని చెప్పడం కష్టం. బ్రిటన్‌లో పురసభకు సొంత పన్ను అధికారం ఉండేది, వర్తక మండలి అభ్యర్థులకు అక్కడ సహజమైన చోటు దొరికేది. ఫ్రాన్స్‌లో ఆదాయ పన్ను నిర్ణయాలన్నీ పారిస్‌లో జరిగేవి. సాన్ సెరే పురపాలక సభ్యుడి చేతిలో తన ఓటర్లను ఎక్కువగా బాధించే పన్ను మీద ఏ అధికారమూ లేదు.

మన వైపు పన్నుల కథ

తెలుగు జిల్లాలకు అమ్మకం పన్ను ఫ్రాన్స్ ఉదంతం కన్నా ముందే వచ్చింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో, 1938లో చిత్తూరు, కడప జిల్లాల్లో మద్య నిషేధం తెచ్చాక, తగ్గిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకునేందుకు 1939లో మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టం చేసింది. మద్యం మీద ఆంక్ష, వర్తకుడి మీద పన్ను ఇక్కడ ఒకే ప్రభుత్వం చేతుల మీదుగా నడిచాయి. ఫ్రాన్స్‌లో ఆ రెండూ కలిసి ఒక ఉద్యమానికి బలమిస్తే ఇక్కడ అలాంటి పార్టీ పుట్టలేదు. స్వాతంత్ర్యోద్యమంలో వర్తకులు కాంగ్రెస్‌తో కలిసి నడుస్తున్న రోజులవి. ఆ తర్వాత కూడా తెలుగు పట్టణాల వ్యాపారులు పూజాద్ దారి కన్నా రాబర్ట్స్ దారినే ఎక్కువగా పట్టారు: వర్తక సంఘం, దేవస్థాన కమిటీ, మున్సిపల్ వార్డు, ఆపైన ఉన్న పార్టీల్లో ఏదో ఒకదాని టికెట్టు. దుకాణదారులది వేరే పార్టీ కావడానికి సామాజిక వర్గం, సరుకు, ప్రాంతం వంటి విభజనలు అడ్డొస్తాయి. నియోజకవర్గానికి ఒక్కరే గెలిచే మన ఓటింగ్ పద్ధతి కూడా పలచగా పరుచుకున్న ఓటుకు సీట్లు ఇవ్వదు.

లోరే రూపొందించిన పన్ను 2005 ఏప్రిల్ 1న వ్యాట్ పేరుతో ఆంధ్రప్రదేశ్‌కు చేరింది. దేశమంతటా వర్తకులు బంద్‌లు చేశారు, కొన్ని రాష్ట్రాలు అమలును వాయిదా వేశాయి. 2017 జులై 1 నుంచి వస్తు సేవల పన్ను దాని స్థానాన్ని తీసుకుంది. ఇందులోని కాంపొజిషన్ పథకం పాత ఫ్రెంచ్ ఏకమొత్తపు పద్ధతికి దగ్గరి చుట్టం. ఏడాదికి కోటిన్నర రూపాయల లోపు అమ్మకాలు చేసే సరుకుల వర్తకుడు ప్రతి బిల్లు మీదా లెక్క చూపకుండా పన్ను వర్తించే మొత్తం అమ్మకాల మీద ఒక శాతం కడితే సరిపోతుంది. కాకపోతే ఆ శాతం చట్టంలోనే ఖాయమై ఉంది, అధికారితో బేరానికి తావు తక్కువ. ఈ పథకం బయట ఉన్న వర్తకుడు చెప్పిన లెక్కను ఇప్పుడు మూడో మనిషి సరిచూస్తున్నాడు: అతడికి సరుకు అమ్మిన టోకు వ్యాపారి దాఖలు చేసిన బిల్లు. రెండూ సరిపోలకపోతే నోటీసు పోర్టల్‌లోకి వస్తుంది. 1953లో సాన్ సెరే జనం చుట్టుముట్టిన అధికారి ఈ పద్ధతిలో చాలావరకు వీధిలోకే రాడు.